వకీలు తప్పు ఖైదీ తలపై

హెబియస్ కార్పస్ అను లాటిన్ మాటతో సాగు రిట్టు, ఖైదీని ఏ అధికారముతో బంధించితిరో చెప్పుడని జెయిలరును ప్రశ్నించును. మనదేశములో ఇది సామాన్యముగా విచారణలేని నిర్బంధముల సందర్భమున వినవచ్చు మాట. అమెరికాలోనో, శిక్షపడిన ఖైదీకిని ఇది కడపటి ఆధారము.

మన కోర్టులు ఒకే నిచ్చెనకు మెట్లు. అక్కడ నిచ్చెనలు రెండు: రాష్ట్రముల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. రాష్ట్రపు కోర్టు విధించిన శిక్ష రాజ్యాంగవిరుద్ధమని ఖైదీ ఫెడరల్ జడ్జికి మొరపెట్టుకొనుటకు 1867 నాటి చట్టము దారి తీసినది. అంతర్యుద్ధము ముగిసి రెండేండ్లే అయినది. దక్షిణ రాష్ట్రముల న్యాయమును కాంగ్రెసు నమ్మజాలని కాలమది. 1996లో అదే కాంగ్రెసు ఆ దారిని ఇరుకు చేసినది. అర్జీకి గడువు ఒక్క యేడాది; రాష్ట్రపు కోర్టులో పెట్టని సాక్ష్యమునకు ప్రవేశము దుర్లభము.

ఆ ఇరుకు ఎంతటిదో అరిజోనా కేసు తెలిపినది. ఒక బాలిక హత్యకు 1995లో ఒకనికి మరణశిక్ష పడినది. గాయము ఎప్పుడు తగిలెనన్నదే ఆ కేసునకు ప్రాణము. వకీలు ఆ సంగతిని వైద్యులచేత సరిగా విచారింపజేయలేదు. తరువాత వచ్చిన వకీలు ఆ లోపమును రాష్ట్రపు కోర్టులో ఎత్తిచూపలేదు. ఫెడరల్ జడ్జి వైద్యుల మాట విని, 2018లో శిక్షను కొట్టివేసినాడు.

2022లో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి దానిని తిరగవేసినది. రాష్ట్రపు కోర్టులో సాక్ష్యము పెట్టకపోవుట వకీలు తప్పైనను, దాని ఫలము ఖైదీదేనని జస్టిస్ థామస్ వ్రాసినారు. జస్టిస్ సోటోమేయర్ తీవ్రముగా విభేదించినారు.

తీర్పులకు ఎక్కడో ముగింపు ఉండవలెనన్న వాదము తేలికైనది కాదు. కాలము గడచినకొలది సాక్షుల జ్ఞాపకము చెదరును, మృతుల బంధువులకు శాంతి ఉండదు. కాని పేద ఖైదీ తన వకీలును ఎన్నుకొనడు. ఇచ్చినవారు ప్రభుత్వమువారే. వారిచ్చిన చిల్లికుండలో నీరు నిలువలేదని దాహముగొన్నవానిని దండించుట ఏపాటి న్యాయము? పైగా, సాక్ష్యము జడ్జి విని నమ్మిన తరువాత, వినకూడదనుట మరియు విడ్డూరము.

2023లో రాష్ట్రపు అటార్నీ జనరలుకు, ప్రతివాదికి రాజీ కుదిరినది. గాయపడిన బాలికను వైద్యునికి చూపలేదన్న కారణముతో తక్కువ తరగతి హత్యానేరమును అతడొప్పుకొనగా, గడచిన 29 ఏండ్ల జెయిలే శిక్షగా లెక్కించి విడిచిపెట్టిరి. 2022 నాటి తీర్పు మాత్రము తక్కిన ఖైదీలకు అట్లే వర్తించుచున్నది.