‘ఫ్రెండ్స్’ను చూశాకే తిట్టండి

రెంటచింతల: డేటింగ్ అనే మాట చెవిన పడగానే పల్నాటి పెద్దల కనుబొమలు ముడిపడతాయి. పిల్లలు సెల్‌ఫోన్లలో చూసే అమెరికా సీరియల్ ‘ఫ్రెండ్స్’ నిండా అదేనని, దాన్ని చూసి ఆడపిల్లలు చెడిపోతున్నారని రచ్చబండ దగ్గర తీర్పు చెప్పేవారున్నారు. ఎన్ని భాగాలు చూశారని అడిగితే మాత్రం జవాబు రాదు. ఎండలకు పేరుమోసిన రెంటచింతలలో మే నెల మధ్యాహ్నాలు ఎటూ గడప దాటలేరు. అందులో ఇరవై రెండు నిమిషాలు దీనికి ఇస్తే పోయేదేమీ లేదు.

ఇది కొత్త సరుకేమీ కాదు. 1994 సెప్టెంబరులో ఎన్.బి.సి. టెలివిజన్‌లో మొదలై 2004 మే దాకా 236 భాగాలు నడిచింది. న్యూయార్కులో బతుకుతెరువు వెతుక్కుంటూ, తీరిక దొరికితే ఒక కాఫీ హోటల్లో చేరే ముగ్గురు అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిల కథ.

అసలు సంగతి మొదటి భాగంలోనే ఉంది. రేచల్ అనే కలవారి పిల్ల పెళ్ళిబట్టలతోనే పరుగెత్తుకొచ్చి ఆ హోటల్లో పడుతుంది. వరుడు పళ్ళ డాక్టరు. సంబంధానికి వంక పెట్టేందుకు లేదు. కాని కానుకగా వచ్చిన గిన్నె మీద ఉన్నంత మనసు కూడా అతని మీద లేదని ఆఖరి క్షణంలో ఆమెకు తెలిసొచ్చింది. ఫోనులో తండ్రితో వాదనవుతుంది. పాత స్నేహితురాలు మోనికా తన ఇంట చోటిస్తుంది. తండ్రి డబ్బుతో నడిచే కార్డులను ముక్కలు చేసి, అదే హోటల్లో కాఫీ అందించే పనికి కుదురుతుంది.

ఇది చూసి నవ్వుకోవచ్చు. కాని లగ్నం పెట్టుకున్న తరువాత ‘నీకిష్టమేనా అమ్మాయ్’ అని అడిగే ఇళ్ళు మన పల్లెల్లో లేవా? కాదనే వీలు ముందే ఉంటే పందిట్లోంచి పరుగెత్తవలసిన పని ఉండదు. వారు డేటింగ్ అనేది చాలాసార్లు ఇద్దరూ హోటల్లో భోంచేసి, మాట్లాడుకుని, సరిపడకపోతే ఎవరిదారిన వారు పోవడమే. కాదనే హక్కు ఇద్దరికీ సమానం.

కృష్ణ దాటితే మిర్యాలగూడ. 2018 సెప్టెంబరులో అక్కడ కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భవతియైన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ కత్తి వెనుక ఉన్నది పరువు పట్టింపే గాని టీవీ కాదు. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు మావాడేనని చెప్పుకునే సీమ ఇది. పెళ్ళి మాట వచ్చేసరికి చాప చుట్టేస్తున్నారు.

సీరియల్‌లో లోపాలు లేకపోలేదు. పడకగది హాస్యం పాలు ఎక్కువ. చిన్నపిల్లలను పక్కన పెట్టుకుని చూడదగింది కాదు. లావుగా ఉన్నవారి మీద విసుర్లు నేడు మొరటుగా తోస్తాయి. ముఖ్యపాత్రలు ఆరూ తెల్లవారివే. సృష్టికర్తల్లో ఒకరైన మార్తా కాఫ్‌మన్ 2022లో ఇందుకు నొచ్చుకుని, ఆఫ్రికా అధ్యయనాల కోసం బ్రాండైస్ విశ్వవిద్యాలయానికి 40 లక్షల డాలర్లు ప్రకటించారు. ఇక ఆ జీతాలకు న్యూయార్కులో అంతటి విశాలమైన వాటా దొరుకుతుందా? హైదరాబాదులో ఇరుకు గదిలో నలుగురేసి సర్దుకుంటున్న మన పిల్లలను అడిగితే చెబుతారు.

జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చిన ‘అమృతం’ కూడా స్నేహితుల కథే. హోటలు పెట్టి చేతులు కాల్చుకునే ఆ ఇద్దరిని చూసి ఇంటిల్లిపాదీ నవ్వారు. అయితే అప్పటికే ఇద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. పెళ్ళికి ముందు జరగవలసిన మాటలకు అందులో చోటు లేదు.

ఇంగ్లీషు రాదని వెనుకాడే తల్లిదండ్రులు మొదటి భాగం వరకైనా ఇంట్లో చదువుకున్న కూతురినే పక్కన కూర్చోబెట్టుకుని అర్థం చెప్పించుకోవచ్చు. రేచల్ పారిపోయి వచ్చింది సరేనా కాదా అని ఆమెనే అడిగి, ఏం చెబుతుందో వినాలి.