గాలం వేట – నీటి ఋణం

వృత్తి మనిషికి అన్నం పెడుతుంది. ప్రవృత్తి ఆ అన్నానికి రుచిని కలిగిస్తుంది. పగలంతా దుకాణంలోనో, కార్యాలయంలోనో, కర్మాగారంలోనో గడిపినవాడు విరామవేళ తనదైన ఒక చిన్న లోకాన్ని కోరుకుంటాడు. కొందరు తపాలా బిళ్లలు సేకరిస్తారు. కొందరు పెరట్లో పూలమొక్కలు పెంచుతారు. మరికొందరు చేతిలో ఒక గడ, సంచిలో నాలుగు గాలాలు, డబ్బాలో గుప్పెడు ఎర పెట్టుకొని నీటి గట్టుకు చేరుతారు. చూచేవారికి ఇది పనిలేని పనిగా తోచవచ్చు. కాని ఏ వ్యాపకాన్నయినా రెండు ప్రశ్నలతో తూచాలి. అది మనిషికి ఏమి నేర్పుతున్నది? తాను ఆధారపడిన ప్రకృతికి ఏమి మిగులుస్తున్నది? గాలం వేటనూ ఆ తక్కెడలోనే పెట్టి చూడాలి.

ఈ వ్యాపకానికి కృష్ణా డెల్టాను మించిన చోటు అరుదు. 1852లో పని మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఈ ప్రాంతపు జీవితాన్నే మార్చివేసింది. 1952లో దానికి గండి పడిన తరువాత, 1957లో ప్రకాశం బ్యారేజీ నిర్మాణం పూర్తయింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడుమనుంచి సాగి పల్లెలకు నీటిని చేరవేస్తున్నాయి. వాటి వెంట పిల్ల కాలువలు, బోదెలు, ఊరి చెరువులు ఉన్నాయి. ఈశాన్యాన కొల్లేరు, దక్షిణాన నాగాయలంక, హంసలదీవి వైపు ఉప్పుటేళ్లు, మడ అడవులు ఉన్నాయి. మంచినీరు, మురుగునీరు, ఉప్పునీరు ఇంత దగ్గరగా కలిసే ఈ సీమలో కొర్రమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, గొరక, బొమ్మిడాయి, పండుగప్ప వంటి ఎన్నో జాతులు తమతమ తావులను ఏర్పరచుకున్నాయి.

ఇక్కడి పిల్లలకు గాలం ఒకప్పుడు కొనవలసిన వస్తువు కాదు. పెరటి వెదురు గడ, మూరెడు దారం, జొన్నబెండు ముక్క, గట్టు మట్టిలో తవ్వి తీసిన ఎర్ర ఉంటే చాలు. బెండు మునిగిన క్షణాన గుండె ఆగినంత పని అయ్యేది. ఆ బాల్యపు ఆనందమే పెద్దయిన తరువాత వ్యాపకంగా నిలుస్తుంది. ఆదివారం తెల్లవారుజామున కాలువ గట్టున కదలక కూర్చున్న మనిషి నిజానికి ఊరకే కూర్చోలేదు. గాలి ఎటు వీస్తున్నది, నీరు పెరుగుతున్నదా తగ్గుతున్నదా, గుర్రపుడెక్క అంచున ఆ బుడగ ఎందుకు లేచింది అని అతడు నీటిని చదువుతున్నాడు. ఓర్పును గురించి పుస్తకాలు చెప్పే మాట అతనికి అక్కడ అనుభవమవుతుంది.

కాలక్రమాన వెదురు గడ స్థానంలో గాజుపోగుల గడ, దాని స్థానంలో కార్బన్ గడ వచ్చాయి. నూలు దారం పోయి నైలాన్ దారం వచ్చింది. దారం చుట్టే రీలు యంత్రంలో పళ్లచక్రాలు, బేరింగులు చేరాయి. ఒక్కొక్క చేపకు ఒక్కొక్క ఎర, ఒక్కొక్క నోటికి ఒక్కొక్క కొలత కొక్కెం పుట్టుకొచ్చాయి. దానితో వేటతోపాటు సామగ్రి సేకరణ కూడా ఒక వ్యసనంగా పెరిగింది. రంగురంగుల కృత్రిమ ఎరలను అరల పెట్టెలో వరుసగా అమర్చుకొని మురిసిపోయేవారు విజయవాడలోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు.

ఈ సేకరణను తేలికగా తీసివేయరాదు. ప్రతి ఎర వెనుక ఒక పరిశీలన ఉంది. ఫిన్లాండుకు చెందిన లౌరి రపాలా అనే జాలరి, పెద్ద చేపలు గుంపులోని చిన్నచేపలన్నింటినీ వదలి, తూలుతూ ఈదే బలహీనమైన చేపపైననే దూకడం గమనించాడు. 1936లో అతడు బెండుబెరడును చేప ఆకారంలో చెక్కి, చాక్లెట్లకు చుట్టే రేకును దానికి అంటించి, కరిగించిన ఫోటో ఫిల్ముతో పూత పూసి, అచ్చంగా అలాగే తూలే ఎరను తయారు చేశాడు. కొర్రమీను కొరకు వాడే రబ్బరు కప్పదీ ఇట్టి నేర్పే. దాని రెండు కొక్కేలు వీపు మీదికి తిరిగి ఉంటాయి. అందువల్ల అది గుర్రపుడెక్కలో చిక్కుకొనక, ఆకుల మీద గెంతుతూ నిజమైన కప్పను తలపిస్తుంది. ఇట్టి వస్తువును సేకరించినవాడు ఒక విధంగా చేప స్వభావాన్నే సేకరిస్తున్నాడు. అయితే పెట్టె బరువెక్కిన కొద్దీ చూపు నీటి మీదినుంచి అంగడి మీదికి మళ్లే ప్రమాదం ఉంది. వంద ఎరలు ఉన్నవాడికి ఏ ఎర ఎప్పుడు వేయాలో తెలియవచ్చు. ఎప్పుడు వేయకూడదో తెలిసినప్పుడే అతడు నిజమైన వేటగాడు.

దీనికి కొర్రమీను కథే నిదర్శనం. తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందిన ఈ జాతి కృష్ణా డెల్టా కాలువల్లోనూ ప్రసిద్ధం. ఇది నీటిలో ఉంటూనే పైకి వచ్చి గాలి పీలుస్తుంది. వానకాలంలో గుడ్లు పెట్టి, పుట్టిన పిల్లలను కంటికి రెప్పలా కాపాడుకుంటుంది. ఎర్రని పిల్లల గుంపు నీటిపై ముద్దగా కదులుతూ ఉంటే, ఆ కిందనే పెద్దచేప కావలి కాస్తుంది. ఆ గుంపు పక్కన రబ్బరు కప్పను విసిరితే అది తప్పక దూకుతుంది. ఆకలితో కాదు, బిడ్డలకు ఆపద వచ్చిందన్న ఆగ్రహంతో. దానిని పట్టడానికి పెద్ద నైపుణ్యం అక్కరలేదు. కాని ఆ ఒక్క చేప గట్టెక్కిన మరుక్షణం నుంచి ఆ వందలాది పిల్లలకు రక్షణ ఉండదు. ఇతర చేపలు, కొంగలు వాటిని ఏరుకొని తింటాయి. ఒక్క విసురుతో ఒక తరం తుడిచిపెట్టుకొని పోతుంది. అటువంటి వేటలో మాతృత్వాన్నే ఎరగా వాడుకున్న కుటిలత్వం తప్ప ఘనత లేదు.

ఉప్పుటేళ్లలోని పండుగప్ప మరొక పాఠం చెబుతుంది. సముద్రపు బాస్‌గా ప్రపంచానికి తెలిసిన ఈ చేపను ఆస్ట్రేలియాలో బారముండి అంటారు. ఇది మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ల తరువాత ఆడచేపగా మారుతుంది. కనుక బాగా పెద్ద పండుగప్పలు సాధారణంగా ఆడవే. ఫోటో కొరకు అందరూ ఆశపడే ఆ భారీ చేపే రేపటి సంతతికి మూలం. అందువల్లనే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరంలో 58 సెంటీమీటర్ల కంటే చిన్నవాటినే కాక, 120 సెంటీమీటర్లు మించినవాటిని కూడా తిరిగి నీటిలో వదలాలన్న నియమం ఉంది. చిన్నదానిని వదలడం దయ అయితే, పెద్దదానిని వదలడం వివేకం.

అమెరికాలో బాస్ చేపల వేట కోట్లాది రూపాయల పోటీలుగా ఎదిగింది. అక్కడ ఆ పోటీలకు ఆద్యుడైన రే స్కాట్ 1972 నుంచి పట్టిన చేపను ప్రాణంతో తిరిగి వదిలే పద్ధతిని ప్రోత్సహించాడు. అది మంచి సంప్రదాయం. కాని అదే బాస్ చేప 1925లో జపాను చేరింది. సరదా వేటగాళ్లు దానిని సరస్సు తరువాత సరస్సులో వదిలారు. అది అక్కడి స్థానిక చేపలను తినివేసి వ్యాపించింది. చివరకు 2005లో జపాను ప్రభుత్వం దానిని హానికర విదేశీ జాతుల చట్టం కిందికి తేవలసి వచ్చింది. సరదా ముగిసినా దాని ఫలితం ముగియదు. కృష్ణానదిలో వలలకు చిక్కుతున్న, జాలరులు దెయ్యం చేప అని పిలిచే దక్షిణ అమెరికా జాతి చేప కూడా ఇటువంటిదే. ఎవరి ఇంటి గాజుతొట్టికో అలంకారంగా వచ్చిన చేప, విసుగు పుట్టగానే కాలువ పాలై, ఈనాడు వలలను చింపుతూ జాలరి కడుపు కొడుతున్నది.

ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా వినవస్తుంది. కాలుష్యం, విచ్చలవిడి చేపల చెరువులు, అతి చిన్న కన్నుల వలలు చేస్తున్న నష్టం ముందు ఒక్క గాలం చేసే హాని ఎంత? ఈ మాటలో నిజం లేకపోలేదు. కొల్లేరును అభయారణ్యంగా 1999లో ప్రకటించిన తరువాత కూడా, ఆక్రమణ చెరువుల గట్లను 2006 ప్రాంతంలో కొట్టివేయవలసి వచ్చింది. కాని ఇతరుల తప్పు పెద్దదని తన తప్పును ఒప్పుగా చూపడం న్యాయం కాదు. పైగా ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం ఉంది. వల వేసే జాలరికి వేట బతుకుతెరువు. అతడు ఆ రోజు వల వేయకపోతే ఇంట పొయ్యి వెలగదు. అయినా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేటను ఆపివేసి, చేప సంతతి కొరకు అతడు పస్తులకూ సిద్ధపడుతున్నాడు. సరదాకు గాలం వేసేవానికి ఆ నిర్బంధం లేదు, ఆ ఆకలీ లేదు. వేయడానికీ, మానుకోవడానికీ అతడు స్వతంత్రుడు. ఎక్కువ స్వేచ్ఛ ఉన్నవాడికే ఎక్కువ బాధ్యత ఉండాలి. పేదవాడు పాటించే నియమాన్ని వినోదం కోరేవాడు పాటించలేనంటే అది సిగ్గుచేటు.

ఆ బాధ్యత దుస్సాధ్యమైనదేమీ కాదు. పిల్లలతో తిరిగే చేప జోలికి పోకుండా ఉండాలి. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మడుగుల్లో చిక్కుకున్న చేపలను దోచుకోరాదు. కొక్కెం మొన వెనుక ఉండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కివేస్తే చేప నోరు చీలదు. వదలదలచిన చేపను పొడి చేతులతో పట్టుకుంటే దాని ఒంటి జిగురు పొర ఊడిపోతుంది. చేయి తడుపుకొని, క్షణాలలో వదలివేయాలి. తెగిన నైలాన్ దారం ఏళ్ల తరబడి కుళ్లదు. దానిని గట్టున పారవేస్తే నీటికాకుల కాళ్లకూ, లకుముకి పిట్టల రెక్కలకూ ఉరితాడవుతుంది. సీసపు గుండ్లు మింగి హంసలు మరణిస్తున్నాయని గుర్తించి ఇంగ్లండులో 1987లోనే చిన్న గుండ్ల అమ్మకాన్ని నిషేధించారు. పని తీరిన దారాన్నీ, గుండునూ నీటికే వదలి రావడం ఏరు దాటి తెప్ప తగలేయడమే.

సామగ్రి పెట్టెలో చేరవలసిన వస్తువు మరొకటి ఉంది. అది ఒక చిన్న నోటుపుస్తకం. ఏ తేదీన, ఏ కాలువలో, ఎంత నీటిలో, ఏ చేప, ఎంత పొడవుది దొరికిందో పదేళ్లపాటు వ్రాసిపెట్టినవాడు ఆ కాలువ చరిత్రకారుడవుతాడు. ఏ జాతి తగ్గిపోయిందో, ఏ కొత్త జాతి వచ్చిందో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. పూర్వం మద్రాసు రాజధానిలో సివిల్ సర్వీసు ఉద్యోగిగా ఉన్న హెన్రీ సల్లివాన్ థామస్ ఇందుకు ఉదాహరణ. 1873లో భారతదేశపు గాలం వేటపై 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన ఆయనే, అంతకు ముందు 1870లో దక్షిణ కెనరా జిల్లాలో చేపల పెంపకంపై నివేదిక సమర్పించాడు. గాలం పట్టిన చేయి కలం కూడా పట్టగలదని దీనివల్ల తెలుస్తున్నది.

గాలం వేట మనిషికి ఓర్పును, ఏకాంతాన్ని, నీటితో పరిచయాన్ని ప్రసాదిస్తుంది. ఇవన్నీ ఉచితంగా వచ్చినవి కావు, నీరు ఇచ్చిన అప్పు. ఆ అప్పు తీర్చే తీరు ఒక్కటే. తన తాత పట్టిన కొర్రమీనును తన మనుమడు కూడా అదే కాలువలో చూడగలిగేటట్లు చేయడం. పెట్టెలోని గాలాల లెక్క చెప్పుకొని గర్వించే యువకుడు, వేయగలిగి ఉండి కూడా గాలం వేయకుండా లేచి వచ్చిన ఉదయాల లెక్కను సైతం చెప్పుకోగలిగిన నాడు, ఆ వ్యాపకం సంస్కారమవుతుంది.