చమురు సొమ్ము, సంపాదకుని కలము

పత్రికను ఉచితముగా పంచిపెట్టువాడు చదువరిని గౌరవించుచున్నాడో, కొనుచున్నాడో తెలియుటకు కొంతకాలము పట్టును. 1956 అక్టోబరు 15వ తేదీన అమెరికా రాజధాని వాషింగ్టనులో ప్రారంభమైన ‘క్రిస్టియానిటీ టుడే’ అను పక్షపత్రిక, చందా కట్టినవారికొరకు వేచియుండక, ఆ దేశమునందలి సుమారు 2 లక్షలమంది ప్రొటెస్టంటు బోధకులకును దైవశాస్త్ర విద్యార్థులకును ఊరకయే పోస్టులో చేరెను. ఆ వ్యయమును భరించినవారిలో ముఖ్యుడు సన్ ఆయిల్ కంపెనీ అధిపతి జె. హోవార్డ్ ప్యూ. ఆ పత్రిక కీర్తికి కారణములైన ఇటీవలి సాహసములనుగూర్చి పలువురు వ్రాసిరి గాని, నా మట్టుకు నాకు, మొదటి పండ్రెండేండ్లలో డబ్బు పెట్టినవానికిని కలము పట్టినవానికిని నడుమ జరిగిన పెనుగులాటయే దాని గుణదోషములను ఎక్కువగా నిర్ణయించెనని తోచుచున్నది.

పత్రిక ఆలోచన బిల్లీ గ్రహాముది. 1977 నాటి ఉప్పెన తరువాత దివిసీమను చూడవచ్చి, ఇండ్ల నిర్మాణమునకు తన సంస్థచే సాయము చేయించిన ఆ సువార్తికుని పేరు తెలుగువారికి క్రొత్తది కాదు. 1953లో ఒకనాటి రాత్రి రెండు గంటల వేళ మెలకువ వచ్చి, మేడమీది వ్రాతబల్లయొద్దకు పోయి, పత్రికలో ఏయే శీర్షికలుండవలెనో, కార్యాలయమెచ్చట నుండవలెనో కాగితముపై పెట్టితినని ఆయనయే చెప్పుకొనెను. ఆనాడు అమెరికా పాదిరుల బల్లలమీద గౌరవస్థానము చికాగోనుండి వెలువడు ‘క్రిస్టియన్ సెంచరీ’ అను ఉదారవాద పత్రికదే. బైబిలును అక్షరాల నమ్మువారనిన విద్యావంతులకు చులకన. వారిలో పలువురు లోకవ్యవహారముతో తెగతెంపులు చేసికొని, సినిమాలను, పేకాటను, పరిణామవాదమును దూషించుటతోనే తృప్తిపడుచుండిరి. నమ్మకమున సంప్రదాయమును విడువక, సాంఘిక సమస్యలయెడ మాత్రము విశాలదృష్టి కలిగి, విశ్వవిద్యాలయ పండితుడు సైతము సిగ్గుపడక చదువదగిన పత్రిక యొకటి కావలెనని గ్రహాము ఆశ. శ్వేతసౌధము కంటికానునంత చేరువలో కార్యాలయము పెట్టుటయు ఆ ఆశలో భాగమే. తమ మాటకు రాజధాని ముద్ర పడవలెనని ఆయన కోరిక. ఈ కోరికవలన కలిగిన చిక్కులు తరువాతి తరములవారు అనుభవించిరి.

ప్రధాన సంపాదకుడుగా వచ్చిన కార్ల్ హెన్రీ సామాన్యుడు కాడు. జర్మనీనుండి వలసవచ్చిన దంపతుల కుమారుడు. ఇరువదేండ్ల ప్రాయముననే లాంగ్ ఐలండులో ఒక వారపత్రికను నడపి, పిమ్మట దైవశాస్త్రము చదివి, ఫుల్లర్ సెమినరీలో ఆచార్యుడై, 1947లో వెలువరించిన చిన్న పుస్తకమున తనవారినే నిలదీసెను: యుద్ధము, వర్ణద్వేషము, కార్మికుల కష్టములు మీ కంటికి కానరావా యని. ఇట్టివానిని సంపాదకపీఠమున కూర్చుండబెట్టి, సంస్కరణల మాట ఎత్తవలదనుట ఎట్లు పొసగును? సంఘములు ఆర్థిక, రాజకీయ విషయములలో వ్రేలు పెట్టరాదని ప్యూ నిశ్చితాభిప్రాయము. పెట్టినచో అది స్వేచ్ఛావ్యాపారమును సమర్థించుటకే కావలెను. అచ్చునకు పోకమునుపే ప్రూఫులు తనకు చూపవలెనని కూడ ఆయన కోరెను. హెన్రీ అందులకు ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకుండుట గొప్పయే, కాని ప్రూఫులు పంపకున్నను ప్యూ నీడ ఆ బల్లపై పడకపోలేదు. పండ్రెండేండ్లు ఆ నీడలో పనిచేసి 1968లో హెన్రీ పదవినుండి తప్పుకొనెను.

ఆ నీడ పడిన చోటు నల్లజాతివారి హక్కుల పోరాటము. జాతివివక్షను పత్రిక సమర్థింపలేదు. ద్వేషము పాపమని ఒప్పుకొనెను. కాని వీథులలో ఊరేగింపులు, చట్టముచే నిర్బంధించుటలు హృదయపరివర్తనమునకు బదులు కాజాలవని మరల మరల వ్రాసెను. గ్రహామునకు మామగారును, చీనాలో మిషనరీ శస్త్రవైద్యుడుగా పనిచేసినవాడును, పత్రికకు కార్యనిర్వాహక సంపాదకుడును అయిన నెల్సన్ బెల్, తెల్లవారిని నల్లవారిని చట్టముచే కలుపు నిర్బంధ సమ్మేళనమును తొలినుండియు ఎదిరించినవాడు. లాఠీదెబ్బలు తినుచున్నవానికి హృదయపరివర్తనమునకై ఎదురుచూడుమని చెప్పుట ఎంత సులభము! రెండులక్షల ప్రసంగవేదికలకు చేరు పత్రిక 1963లోనో 1965లోనో స్పష్టముగా ఒక్కమాట పలికియున్న, దక్షిణాది సంఘములన్నియు మారియుండెడివని నేననను; కాని మారగోరిన పాదిరికి చేతబట్టుకొనుటకు ఒక ఆధారముండెడిది. ఆ పత్రిక చేసిన తప్పులలో నేను పెద్దదిగా ఎంచునది ఇదియే.

ప్రభావము లేదనుకొనరాదు. 1966లో తన దశమ వార్షికోత్సవమున ఆ పత్రిక బెర్లినులో నడపిన ప్రపంచ సువార్త మహాసభకు నూరు దేశములనుండి సుమారు 1,200 మంది వచ్చిరి. ఇథియోపియా చక్రవర్తి హైలీ సెలాసీ వారినుద్దేశించి ప్రసంగించెను. దాని వారసత్వముగా 1974లో స్విట్జర్లండులోని లొజానులో జరిగిన సభలో రెనే పదీలా, సామ్యుయేల్ ఎస్కొబార్ అను లాటిన్ అమెరికావారు సాంఘికన్యాయము సువార్తకు వెలియైనది కాదని గట్టిగా వాదించి, ఆ భావమును సభ ప్రకటనలో చేర్పించిరి. వాషింగ్టను కార్యాలయమున ఆచితూచి పలికినదానిని, చమురు కంపెనీకి ఏమాత్రము ఋణపడని దేశములవారు బాహాటముగా పలికిరి.

1977లో పత్రిక రాజధానిని విడిచి ఇల్లినాయి రాష్ట్రమందలి కరోల్ స్ట్రీము అను చిన్న ఊరికి తరలెను. శ్వేతసౌధపు ఇరుగు తప్పిన తరువాతనే ఆ సౌధములోనివారినిగూర్చి నిర్మొగమాటముగా మాటాడుట నేర్చెనేమో! 2019 డిసెంబరు 19న, ప్రతినిధుల సభ అభిశంసించిన మరునాడు, దేశాధ్యక్షుడు ట్రంపును పదవినుండి తొలగింపవలెనని ప్రధాన సంపాదకుడు మార్క్ గాలీ వ్రాసిన సంపాదకీయమునకై జనులు విరగబడగా వెబ్‌సైటు తాళలేకపోయెను. ట్రంపు దానిని వామపక్షపు పత్రికయని ఈసడించెను. గ్రహాము కుమారుడు ఫ్రాంక్లిన్, తన తండ్రి ట్రంపునకే ఓటు వేసెనని ప్రకటించెను. మరుసటి యేట జరిగిన ఎన్నికలో తెల్ల సువార్తిక క్రైస్తవులలో నాలుగింట మూడువంతులకు పైగా మరల ట్రంపు పక్షముననే నిలిచిరి. పండితులు చదువు పత్రిక వేరు, ప్రార్థనాలయపు బల్లపై కూర్చుండువాని మనస్సు వేరు.

నేను ఆ సంపాదకీయముకంటె మిక్కిలి మెచ్చుకొనునవి వేరు రెండున్నవి. మదరాసులో పుట్టి, ప్రపంచమంతట హేతుబద్ధముగా విశ్వాసమును సమర్థించు వక్తయని పేరొందిన రవి జకరయాస్ 2020లో మరణించిన కొన్ని నెలలకే, ఆయన స్త్రీలయెడ నడచిన తీరును ఈ పత్రిక బయటపెట్టెను. మరుసటి యేట ఆయన సంస్థయే నియమించిన విచారణలో అంతకు మించిన సంగతులు రుజువయ్యెను. ఆయన పుస్తకములు మనదేశపు క్రైస్తవ యువకుల చేతులలోను ఉండినవే. రెండవది 2022 మార్చినాటిది. తన కార్యాలయములోనే స్త్రీ ఉద్యోగులు ఏండ్ల తరబడి చేసిన ఫిర్యాదులు చెవిని పెట్టబడలేదని ఆ పత్రిక తన పుటలలోనే వార్త వేసెను. ఫిర్యాదులు వచ్చినది ఇద్దరిపై, అందొకడు గాలీయే. తనకు దురుద్దేశము లేదని ఆయన సమాధానము. ఆ వార్తను సంస్థ విలేకరియే వ్రాసెను. అచ్చునకు పోకమునుపు యాజమాన్యము దానిని చూడలేదు.

ఇక మనవైపు చూచినచో, తెలుగు క్రైస్తవ సంఘముల మాసపత్రికలలో అధ్యక్షుల ఛాయాచిత్రములును, ఉజ్జీవ కూటముల ప్రకటనలును, ప్రభువునందు నిద్రించినవారి జాబితాలును నిండుగా నుండును. మిషను ఆస్తుల అమ్మకమునుగూర్చి గాని, ఎన్నికల తగవులనుగూర్చి గాని ఏదేని తెలియవలెనన్న కోర్టు తీర్పులే శరణ్యము. ఆ పత్రికలకు డబ్బు పెట్టుచున్నది ఎవరో మనము అడుగము; అడిగినను చెప్పువారు లేరు.