కోడ్ ఏఐ రాసినా బాధ్యత మనిషిదే

"ఇక ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం దండగ, అంతా ఏఐ రాసేస్తుంది" అని ఈమధ్య చాలామంది అంటున్నారు. ఎన్‌విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ కూడా 2024 ఫిబ్రవరిలో దుబాయ్ సభలో ఇంచుమించు ఇదే చెప్పారు. ఆయన కంపెనీ అమ్మేది ఏఐకి కావలసిన చిప్పులు. సరుకు అమ్మేవాళ్ళ మాట విని చదువు మానుకుంటామా?

ఏఐ వద్దని నేను అనడం లేదు. మైక్రోసాఫ్ట్‌లో కొన్ని ప్రాజెక్టుల కోడ్‌లో 20 నుంచి 30 శాతం దాకా సాఫ్ట్‌వేరే రాస్తోందని 2025 ఏప్రిల్‌లో సత్య నాదెళ్ల చెప్పారు. కాబట్టి ఇంజనీర్లు ఏఐని వాడాల్సిందే. కానీ తమకు అర్థంకాని ఒక్క వరుసను కూడా ఒప్పుకోకూడదు. ఇదే నా వాదన.

పని తొందరగా అవుతుంది కదా అంటారు. 2025లో మెటర్ అనే అమెరికా సంస్థ అనుభవమున్న 16 మంది ప్రోగ్రామర్లకు 246 పనులిచ్చి పరీక్షించింది. ఏఐ వాడినప్పుడు వాళ్ళకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళు మాత్రం 20 శాతం తొందరగా చేశామనుకున్నారు! అందరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ వేగంగా చేశామనే భ్రమను నమ్మకూడదు. అదే ఏడాది జూలైలో రెప్లిట్ ఏఐ, ఏమీ మార్చొద్దని చెప్పినా వినకుండా, ఒక వ్యాపారి డేటాబేసునే చెరిపేసింది.

క్యాలిక్యులేటర్ వచ్చినప్పుడు లెక్కలు పోయాయా అని కొందరు అడుగుతారు. క్యాలిక్యులేటర్ ఎన్నిసార్లు నొక్కినా ఒకే జవాబు ఇస్తుంది. ఏఐ తప్పును కూడా ఒప్పులాగే ధీమాగా రాస్తుంది. ఎక్కాలు వచ్చినవాళ్ళకే కదా అంగడి బిల్లులో తప్పు కనబడేది!

కంపెనీలకూ ఒక ప్రశ్న. చిన్న చిన్న పనులన్నీ ఏఐకే ఇచ్చేస్తే కొత్తవాళ్ళు పని ఎక్కడ నేర్చుకోవాలి? పదేళ్ళ తర్వాత ఏఐ తప్పులు దిద్దే పెద్ద ఇంజనీర్లు ఎక్కడినుంచి వస్తారు?

మన ధర్మపురి వైపు నుంచి అన్నలు, అక్కలు ఉద్యోగాలకు బెంగళూరు పోతుంటారు. తెలుగు మీడియంలో చదివే మనకు ఇంటర్వ్యూలో ఇంగ్లీషే పెద్ద భయం. అక్కడ మనల్ని నిలబెట్టేది మన లెక్కలు, మన ఆలోచన. వాటినీ ఏఐకి అప్పగిస్తే మన దగ్గర ఏం మిగులుతుంది?

తల్లిదండ్రులారా, దండగని చెప్పి పిల్లల్ని కంప్యూటర్ గ్రూపు మాన్పించకండి. మిత్రులారా, ప్లస్ వన్‌లో సి++, ప్లస్ టూలో పైథాన్ ఉన్నాయి. ప్రోగ్రామును ముందు మన చేత్తో నోటుపుస్తకంలో రాద్దాం, తప్పులు మనమే వెతుకుదాం. ఆ తర్వాతే ఏఐని అడుగుదాం.