ఉప్పులేని నిలువ: పండుమిరపకాయలు

సంక్రాంతి వెళ్లి మాఘమాసము ప్రవేశించుటతోడనే మన సంతలకు పండుమిరపకాయలు రాసులుగా వచ్చును. ఏడాదికి సరిపడు కారమును జాడీల కెత్తుకొనుటకు అదియే తరుణము. ఆ తరుణము దాటినచో నిగనిగలాడు కాయ దొరకుట కష్టము. దొరకినను వడలి, తోలు ముడుతలు పడియుండును. కావున ఆ కొద్ది వారములలోనే గృహిణులు కాయలను నూఱి, ఉప్పును చింతపండును చేర్చి, జాడీకి గుడ్డ కట్టుదురు. ఆ పద్ధతి మంచిది కాదని నే ననను. అది తరతరములుగా పరీక్షకు నిలిచినది. కాని సోదరీమణులకు ఈ మాఱు వేఱొక నిలువను గూర్చి చెప్పదలచితిని. ఏలయనగా రక్తపుపోటుచేత బాధపడు పెద్దవారు లేని యిల్లు నేడు అరుదు. వైద్యుడు ఉప్పు తగ్గింపుమన్న తోడనే వారి విస్తరినుండి ముందుగా తొలగిపోవునది కొరివికారమే. నోరు చచ్చిన ముసలివారికి పచ్చడి లేని అన్నము సహింపదు. ఎవరును చూడని వేళ జాడీలో వ్రేలు పెట్టుట పలు యిండ్లలో జరుగుచున్న సంగతియే.

ఒకసారి లెక్క చూతము. కిలో కాయలకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అనునది పలువురి కొలత. అనగా సిద్ధమైన కారములో ఇంచుమించు ఆఱవవంతు ఉప్పే. 15 గ్రాముల కారము, అనగా ఒక పెద్దచెంచాడు, వడ్డించుకొన్నచో రెండున్నర గ్రాముల ఉప్పు కడుపులోనికి పోవును. పెద్దవారు దినమునకు 5 గ్రాములకన్న తక్కువ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఒక్క చెంచాతోడనే ఆ దినపు ఉప్పులో సగము తీఱిపోయినది. కూర, చారు, మజ్జిగ ఇంకను మిగిలియే యున్నవి.

అట్లయినచో జాడీలోనే ఉప్పు తగ్గించిన పోలేదా యని కొందఱు యోచింతురు. అది కూడదు. జాడీలోని ఉప్పు రుచికొఱకు మాత్రమే వేసినది కాదు, అది కావలివాడు. చింతపండు పులుపు దానికి తోడు. ఈ రెంటిని తగ్గించినచో బూజు పట్టును. బూజు రాకుండ పైన నూనె పోసితిమని ధైర్యపడరాదు. ఉప్పును పులుపును చాలనిచోట, గాలి సోకని నూనె అడుగున పెరిగి, బొటులిజము అను ప్రాణాంతకమైన రోగమును తెచ్చు సూక్ష్మజీవులు కలవు. వాని విషము పదార్థమున నున్నను రుచియు వాసనయు మారకపోవచ్చును. కావున ఉప్పు తగ్గింపదలచినవారు కాయను జాడీలో గాక ఫ్రీజరులో నిలువచేయుట మేలు.

చలి సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును. సున్నకు దిగువ 18 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో వాని ఎదుగుదల నిలిచిపోవును. రెండు తలుపుల రిఫ్రిజిరేటరులోని ఫ్రీజరుకు సాధారణముగా ఈ చలి యుండును. అందు మిరపకాయలు ఎనిమిది నెలలు మొదలు ఏడాదివఱకు బాగుగా నుండును. ఒంటితలుపు రిఫ్రిజిరేటరులో మంచుగడ్డలు కట్టు చిన్న అఱ అంత చల్లబడకపోవచ్చును. అట్టివారు కొద్దిగా పెట్టి, నెల రెండునెలలలో వాడుకొనుట మంచిది. చిక్కుడు, బఠాణీ మున్నగువానిని ముందుగా మరుగునీట ముంచి తీయనిదే అవి నిలువలో రంగును రుచిని కోల్పోవును. మిరపకాయకు ఆ శ్రమ లేదు.

గట్టిగా, ముదురు ఎఱుపుగా నున్న కాయలను ఏఱవలెను. తొడిమలు తీయక మునుపే కడుగుట ముఖ్యము. తొడిమ తీసి కడిగినచో నీరు లోపలికి దిగును. పొడిగుడ్డతో తుడిచి, నీడను గుడ్డమీద పఱచి, తడి పూర్తిగా ఆఱిన పిమ్మటనే తొడిమలు తీయవలెను. తడియున్న కాయకు మంచు పేరుకొని కాయలన్నియు ఒక ముద్దయగును. తరువాత కాయలను పళ్లెములో ఒకదానినొకటి తాకకుండ పఱచి, ఫ్రీజరులో నాలుగైదు గంటలుంచి, గులకఱాళ్లవలె గట్టిపడినపుడు తీసి సంచులలోనికి ఎత్తవలెను. సంచిలోని గాలి నంతయు నొక్కి వెడలగొట్టి మూయవలెను. గాలి మిగిలినచో కాయ తెల్లబాఱి ఎండిపోవును. ఒక్కొక్క సంచిలో ఒక పూట వాడుకకు సరిపడునన్ని మాత్రమే పెట్టి, పైన తేదీ వ్రాయవలెను.

ఒకేసారి ఐదారు కిలోలు క్రుక్కుట మంచిది కాదు. కాయ నెమ్మదిగా గడ్డకట్టినచో అందలి నీరు పెద్ద మంచుపలుకులై కాయలోని కణముల గోడలను చీల్చును. త్వరగా గడ్డకట్టినచో పలుకులు చిన్నవగును. అమెరికాదేశస్థుడగు క్లారెన్స్ బర్డ్సై ఈ మర్మమును లాబ్రడారు మంచుసీమలో అచటివారు చేపలను గడ్డకట్టించు తీరు చూచి గ్రహించెను. అతని పద్ధతిని గడ్డకట్టించిన ఆహారము 1930లో అంగళ్లకు వచ్చినది. మన యింటి ఫ్రీజరుకు అంత వేగము లేదు గనుక పళ్లెమునకు పలుచగా పఱచుటయే మన చేతిలోని ఉపాయము.

ఎంత జాగ్రత్తపడినను మంచు కరగిన కాయ మెత్తబడును. బజ్జీలకు, కూరి వండుటకు, పచ్చిగా కొఱుకుటకు అది పనికిరాదు. పచ్చడికి, పప్పుకు, పులుసుకు, తాలింపునకు లోటుండదు. మిరప ఘాటు చలికి తగ్గదు. సి విటమినులోను ఎక్కువ భాగము నిలుచును. ఎండబెట్టిన కాయలో అది చాలవఱకు నశించును. హంగెరీలోని సెగెడ్ నగరమున ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ అను పండితుడు సి విటమినును విస్తారముగా రాబట్టినది ఎఱ్ఱమిరపకాయలనుండియే. ఆ పరిశోధన 1937లో అతనికి నోబెల్ బహుమానము వచ్చుటకు ఒక కారణము.

కాయలకు చోటు చాలనివారు ఉప్పు లేకుండ మెత్తగా నూఱి, మంచుగడ్డల పళ్లెపు గళ్లలో నింపి, గట్టిపడిన పిమ్మట సంచిలో వేసికొనవచ్చును. ఆ పళ్లెము కారమునకే ప్రత్యేకించుడు. మఱచి దానిలోనే నీటిగడ్డలు కట్టించినచో పిల్లల షర్బతు మిరపచారగును! బెంగుళూరు మిరపను గింజలు తీసి ముక్కలుగా తఱిగి ఇట్లే ఉంచవచ్చును.

నూఱుటకుముందు చేతులకు నూనె రాచికొనుడు. ఘాటు ముఖ్యముగా కాయలోని తెల్లని ఈనెలో నుండును, గింజలో కాదు. అది నీట కరగదు. కావున మండునపుడు సబ్బుతో కడిగి, పాలుగాని పెరుగుగాని పూయవలెను. మంచు పట్టిన కాయను కాగిన నూనెలో వేసినచో చిటపటలాడి మీద పడును. కొంత కరగనిచ్చి తుడిచి వేయుడు.

కరెంటు పోయినపుడు ఫ్రీజరు తలుపు తెఱవకుండుటయే ఉపాయము. నిండుగా నున్న ఫ్రీజరు రెండు దినములు, సగము నిండినది ఒక దినము చలిని నిలుపుకొనును. కాయలలో మంచుపలుకు లింకను కనబడుచున్నచో మరల గడ్డకట్టింపవచ్చును. పూర్తిగా కరగి వెచ్చబడినవానిని పాఱవేయుడు.

ఇక పెద్దవారి పచ్చడి. 100 గ్రాముల కాయలను రిఫ్రిజిరేటరు క్రింది అఱలో కరగనిచ్చి, ఊరిన నీటిని పాఱబోయక, 25 గ్రాముల చింతపండు, నాలుగు వెల్లుల్లి రేకలు, వేయించిన మెంతిపొడి చిటికెడు చేర్చి నూఱవలెను. ఉప్పు అరచెంచా, అనగా 3 గ్రాములు, మించరాదు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు వేయవలెను. ఇందు పెద్దచెంచాడు పచ్చడికి ఉప్పు ఇంచుమించు మూడవవంతు గ్రాము మాత్రమే. జాడీలో ఊరిన కారపు రుచి దీనికి రాదు, అది ఒప్పుకొనవలసినదే. ఆ కొఱతను వేయించిన నువ్వులపొడియు, వడ్డించునపుడు పిండిన నిమ్మరసమును కొంత తీర్చును. దీనిని రిఫ్రిజిరేటరులోనే యుంచి మూడు దినములలో వాడుకొనవలెను. ఇంటిలో తక్కినవారికి ఉప్పు చాలనిచో వారి వంతు వేఱు గిన్నెలోనికి తీసి కలుపుకొనవచ్చును.