వైన్సు వేరు, వైను వేరు

ఈమధ్య నేనొక పరీక్షకు చదువుతున్నాను. నలభై దాటి, తెలుగు ఎమ్మే పట్టా పుచ్చుకొని, కాలేజీలో ప్రబంధాలు చెప్పుకొనేవాడికి మళ్ళీ పరీక్షేమిటంటారా? వినండి మరి. అది ద్రాక్షమద్యాన్ని గురించిన పరీక్ష! 1969లో లండనులో పుట్టిన వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్టు వారిది, రెండవ స్థాయి. గంటలో యాభై ప్రశ్నలు. నూటికి 55 వస్తే గట్టెక్కినట్టే. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చునే వ్రాయవచ్చు. రుచి చూసే పరీక్ష లేదు గనుక ఒక్క చుక్క గొంతు దిగకుండా ప్యాసు కావచ్చునన్నమాట.

ఈ పిచ్చి ఎక్కించింది ఒక విద్యార్థిని. ఆసవం, శీధువు, మైరేయం అని నేను అర్థాలు చెబుతూంటే, "అన్నీ మద్యమే అయితే ఇన్ని పేర్లెందుకు సార్?" అంది. జవాబు తోచక గంట ఎప్పుడు కొడతారా అని చూశాను. అమరకోశంలో 'హాలా' అన్నా మద్యమే. మా వూరు హాలియా! ఇది వ్యుత్పత్తి కాదు, శ్లేష మాత్రమే.

ఊళ్ళో ఈ సంగతి పొక్కితే ఇంకేమైనా వుందా? 'వైన్స్' అని బోర్డున్న కొట్లో బ్రాందీ, విస్కీ, బీరు అడిగితే ఇస్తారు. వైను అడిగితే ఎగాదిగా చూస్తారు. మాకు దాపునే, నాగార్జునకొండ తవ్వకాల్లో, మూడవ శతాబ్దం నాటి ఇక్ష్వాకుల రాజధానిలో, పానపాత్రగా కొమ్ము పట్టుకొన్న గడ్డపు మనిషి శిల్పం దొరికింది. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ కావచ్చునని కొందరు పండితుల ఊహ. ఆ మాట చెప్పుకొంటే మాత్రం ఊరు ఊరుకుంటుందా?

అసలు భయం ఇంట్లోనే. మా మామగారు తాగి తాగి యాభై నిండకుండానే పోయారు. ఆ వాసన గడప దాటి రాకూడదని పెళ్ళయిన కొత్తలోనే మా ఆవిడ మాట తీసుకొంది. పుస్తకం చూసి ఏమీ అనలేదు. ఆ రాత్రి నాకు వడ్డించి, తాను తినకుండా పడుకొంది. మర్నాడు, తాగబోనని ప్రమాణం చేశాను. "తాగనివారికి ఆ చదువెందుకండీ?" అంది. ఆ పిల్ల ప్రశ్న చెప్పాను. "అయితే చదవండి," అంది, ముభావంగానే.

చదివినకొద్దీ తమాషాగా వుంది. చాలా నల్లద్రాక్షల్లో రసానికి రంగే వుండదట. తొక్కలతో కలిపి పులియబెడితే ఎరుపు దిగుతుంది. దానితోపాటే టానిన్ దిగి నోరు పట్టేస్తుంది. ఇది పట్టుకోవడానికి అక్కడివారికి పాఠం కావాలి. లేత జామపిందె కొరికినవాడికి 'వగరు' అంటే చాలదూ? మా ఊరిబయట తాళ్ళెక్కే తాతను పులియడం గురించి అడిగాను. "పొద్దుగాల తియ్యగుంటది, మాపటికి పుల్లగైతది సారూ. లొట్టి కడగకుంటే ఇంకా జల్ది," అన్నాడు. లొట్టికి అంటుకొన్న ఈస్టు చక్కెరను తినేయడం మొదలుపెడుతుందని నా పుస్తకం చెప్పేదీ అదే.

చిక్కల్లా వాసనలతో వచ్చింది. కాబెర్నే సావిన్యోన్ అంటే బ్లాక్ కరెంట్ పండు వాసన అని బట్టీ పట్టాను. ఆ పండును పుట్టి బుద్ధెరిగి చూడలేదు! అప్పుడు నా తరగతి గుర్తుకొచ్చి సిగ్గు వేసింది. పొగడపువ్వును ముక్కు దగ్గర పెట్టుకోని పిల్లలచేత పొగడల పరిమళాన్ని ఎన్నేళ్ళుగా వర్ణింపజేస్తున్నాను?

నా అవస్థ చూసి చూసి ఒక సాయంత్రం మా ఆవిడే పోపుల డబ్బా తెచ్చి, కళ్ళు మూసుకోమంది. మిరియం పట్టుకొన్నాను. అది సిరా అనే ద్రాక్షకు గుర్తు (వ్రాసే సిరా కాదు సుమండీ!). ఓక్ పీపాల్లో నిలవచేసిన వైనుకు వచ్చే లవంగం వాసనను మాత్రం దాల్చినచెక్క అన్నాను.

"ఇరవై యేళ్ళుగా నా వంట తింటున్నారు!" అంది. చాలా రోజుల తరువాత నవ్వింది.

పరీక్ష వచ్చే నెలలో. సర్టిఫికెట్టు వస్తే గోడకు తగిలిస్తానన్నాను.

"తగిలించుకోండి, బీరువా తలుపుకు లోపలివైపు," అంది.