పదవికే విరమణ... చదువుకు కాదు

మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగి 62 ఏళ్లకు రిటైరవుతారు. ఆ రోజు దండలు వేస్తారు, శాలువా కప్పుతారు, ఇంటిదాకా వచ్చి దింపుతారు. మర్నాడు ఉదయం పది గంటలకు ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఎవరూ చెప్పరు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల పెద్ద పెద్ద ఇళ్లలో ఇద్దరే మిగిలిన దంపతులు మనందరికీ తెలుసు.

నిద్ర పట్టడం లేదు, ఆకలి లేదు, పేర్లు గుర్తుండటం లేదు అంటూ పెద్దవాళ్లు ఓపీకి వస్తారు. బీపీ, షుగరు, థైరాయిడ్, బీ12 చూస్తాం. చూడాల్సిందే. అన్నీ సరిగ్గానే ఉన్నప్పుడు ‘రోజంతా ఏం చేస్తుంటారు?’ అని అడిగితే ‘ఏముంది డాక్టరు గారూ, ఊరికే కూర్చోవడమే’ అంటారు. ఈ జవాబుకు చీటీ మీద రాయడానికి మందు లేదు. నా దృష్టిలో దీనికి మన ఊరి కాలేజీ చేయగలిగింది చాలా ఉంది.

మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 7.4 శాతం మంది డిమెన్షియాతో బాధపడుతున్నట్లు జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. సరిచేయదగ్గ 14 కారణాలను అదుపు చేయగలిగితే డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో తేల్చింది. ఆ జాబితాలో బీపీ, షుగరు, పొగతాగడంతో పాటు తక్కువ చదువు, వినికిడి లోపం, చూపు లోపం, కుంగుబాటు, నలుగురికీ దూరమవడం కూడా ఉన్నాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చదువు విషయంలో బలమైన ఆధారాలు చిన్ననాటి చదువు గురించే ఉన్నాయి. అరవైలో క్లాసుకెళ్తే డిమెన్షియా రాదని ఏ డాక్టరూ హామీ ఇవ్వలేరు. కానీ ఆ వయసులో నేర్చుకోవడం వృథా కాదు. అమెరికాలో డాలస్‌లోని టెక్సస్ యూనివర్సిటీ పరిశోధకులు 60 నుంచి 90 ఏళ్ల వారిలో కొందరికి డిజిటల్ ఫొటోగ్రఫీ, కొందరికి బొంతలు కుట్టడం నేర్పించారు. వారానికి సుమారు 15 గంటల చొప్పున మూడు నెలలు. మరికొందరు కలిసి కబుర్లు, ఆటలతో గడిపారు. ఇంకొందరు ఇంట్లో సంగీతం, తేలికపాటి పదవినోదాలతో సరిపెట్టుకున్నారు. కష్టపడి కొత్త విద్య నేర్చినవారిలో జ్ఞాపకశక్తి మెరుగైందని 2014లో ప్రకటించారు. అంటే కాలక్షేపం ఒక్కటే చాలదు, మెదడుకు కాస్త కష్టం కూడా పెట్టాలి.

ఫ్రాన్స్‌లోని టూలూజ్ విశ్వవిద్యాలయంలో 1973లోనే పెద్దవాళ్ల కోసం ఇలాంటి తరగతులు మొదలయ్యాయి. తర్వాత ఎన్నో దేశాలు ఆ దారి పట్టాయి. మనకేం తక్కువ? 1853లో బడిగా మొదలైన రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో కందుకూరి వీరేశలింగం, సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠాలు చెప్పారు. కాకినాడలో పీఆర్ కళాశాల, భీమవరంలో డీఎన్ఆర్, నరసాపురంలో వైఎన్, అమలాపురంలో ఎస్‌కేబీఆర్... డెల్టాలో ఏ మూల నుంచైనా బస్సెక్కితే ఏదో ఒక కాలేజీ చేరువలోనే ఉంది. వయోజన విద్య, జీవితకాల అభ్యాసానికి జాతీయ విద్యా విధానం 2020 ప్రత్యేక అధ్యాయమే కేటాయించింది. బడి వేళల తర్వాత, సెలవు రోజుల్లో ఆ భవనాలను వాడుకోమంది. కాలేజీలకూ అదే వర్తింపజేయవచ్చు.

సార్వత్రిక విశ్వవిద్యాలయాలు ఉన్నాయి కదా అనవచ్చు. అవి డిగ్రీ ఇస్తాయి, మంచిదే. కానీ ఆ చదువులో ఎక్కువ భాగం ఇంట్లో ఒంటరిగా సాగుతుంది. ఈ వయసులో డిగ్రీ కన్నా పక్కన కూర్చునే మనిషి ముఖ్యం.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. కింది అంతస్తులో ఒక గది, దగ్గర్లో మరుగుదొడ్డి, ఒక మైకు, పెద్ద అక్షరాల నోట్సు చాలు. వారానికి రెండు రోజులు, ఉదయం పది నుంచి పన్నెండు వరకు. మన రోహిణి ఎండల్లో సెలవు. గోదావరి కాలువల చరిత్ర, మొక్కల శాస్త్రం, కొత్త భాష, కంప్యూటర్... ఏదైనా సరే. రిటైరైన లెక్చరర్లే చెప్పగలరు. ఫోనులో డబ్బు చెల్లింపులు, సైబర్ మోసాల సంగతి విద్యార్థులు నేర్పుతారు. పరీక్షలు వద్దు గానీ హాజరు మాత్రం తీసుకోవాలి. రెండు వారాలు కనబడని వారికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఒంటరి పెద్దవాళ్లకు అదే పెద్ద భరోసా.

ఇందులో ఇల్లాళ్లకు ముందు చోటివ్వాలి. ఉద్యోగం చేయని అమ్మకు రిటైర్మెంట్ సభ కూడా ఉండదు. పెళ్లితో చదువు ఆగిపోయిన ఆ తరం ఆడవాళ్లు ఇప్పుడైనా పుస్తకం పట్టుకుంటానంటే ‘ఈ వయసులో ఎందుకమ్మా’ అనకండి. మనవల బాధ్యత ఆ రెండు పూటలు మీరు చూసుకోండి.

క్లాసుకు పంపే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. శుక్లాలుంటే ఆపరేషన్, అవసరమైతే వినికిడి యంత్రం తప్పనిసరి. వినబడని పాఠం ఎవరినైనా ఇంటికే పంపేస్తుంది. తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, డబ్బు లెక్కల్లో తరచూ తడబడటం కనిపిస్తే మాత్రం వయసు మీద నెట్టేయకుండా ముందు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

మన కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒకటే విన్నపం. పథకం, జీవో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఒక గది, ఇరవై కుర్చీలు, ఒక మాస్టారుతో ఈ ఏడాదే మొదలుపెట్టండి.